టార్చికి కామెర్లు

రిచీ స్ట్రీట్‌లో మూడో సందు,
మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయే కొట్టు.
"మూడువేలదా, ఆరున్నర వేలదా అక్కా?" అన్నాడు ఫైరోజ్.
నా గుండె జారింది. నెలాఖరు.
"ధర కాదు, వెలుగు రంగు" అని నవ్వాడు.
అంకె పెరిగేకొద్దీ చల్లనట, తగ్గితే వెచ్చనట.
పదకొండేళ్ళుగా థర్మామీటరు చదువుతున్న దాన్ని,
ఒప్పుకోడానికి కాసేపు పట్టింది.

మొదట తెల్లదే కొన్నాను.
అందరూ కొనేది అదే.
తెలుపైతే మేలురకమని మనకో నమ్మకం,
బియ్యానికీ, బెల్లానికీ, పెళ్ళికూతురికీ,
ఇప్పుడు దీపానికీ.

రాయపురం ఆసుపత్రి, రాత్రి రెండు.
ట్యూబులైటు వేస్తే పద్నాలుగు మంచాలూ లేస్తాయి.
వేలెడంత టార్చి తీసి
సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నా.
తొమ్మిదో మంచం అమృతవల్లి,
కాశిమేడులో రొయ్యలు ఒలిచే మనిషి,
ఉలిక్కిపడి కళ్ళు తెరిచి
"ఎవరు పోయారు సిస్టర్?" అంది.

ఎవరూ పోలేదు.
కానీ ఆ వెలుగులో నా చెయ్యి
ఐసు మీద పెట్టిన చేపలా ఉంది.
ఐసు ఎప్పుడు పెడతారో ఆమెకు తెలుసు.

డ్యూటీ దిగి, సూళ్ళూరుపేట లోకల్ వదిలేసి
మళ్ళీ ఫైరోజ్ దగ్గరికే.
"మంజళ్ ఎవరూ అడగరక్కా" అంటూ
అట్టపెట్టె అడుగునుంచి తీసి దుమ్ము ఊదాడు.
వాళ్ళ భాషలోనూ మన భాషలోనూ
ఆ రంగుకి వంటింటి డబ్బాలోదే పేరు.
షట్టరు సగం దించి చీకటి చేశాడు.
అరచేతి మీద వేసుకున్నా: రక్తమున్న చెయ్యి.
వాడు తింటున్న జామముక్క మీద వేశా: ఇంకా పండింది.
వంద నోటు మీద వేస్తే ఊదారంగు చచ్చి మట్టిరంగైంది.
అప్పుడే అనుమానించాల్సింది.

ఆ రాత్రి వార్డులో ఎవరూ లేవలేదు.
ముఖం మీద పడితే అమృతవల్లి
నిద్రలోనే అటు తిరిగింది,
పొయ్యి పక్క పిల్లిలా.
ఇదే నాది అనుకున్నా.

ఆదివారం పన్నెండో మంచానికి లారీ క్లీనరు దేసింగు వచ్చాడు.
రెప్ప కిందికి లాగి చూశాను.
పసుపు.
వార్డుబాయ్ కన్ను చూశాను, పసుపు.
దిండు గలీబు, దూది, నా తెల్లకోటు,
అన్నీ పెళ్ళి పందిట్లోంచి లేచొచ్చినట్టు.
పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అనేది మా అవ్వ.
ఇక్కడ కామెర్లు టార్చికి.

డ్రాయరులో పారేసిన చల్లదాన్ని తెచ్చి వేశా.
వార్డుబాయ్ కన్ను తెలుపు.
దేసింగు కన్ను, ముదిరిన దోసకాయ.
డాక్టరమ్మను లేపడానికి పరిగెత్తాను.

అప్పట్నుంచి కోటుకి ఎడమ జేబులో వెచ్చనిది,
కుడి జేబులో చల్లనిది.
ఎప్పుడేది తియ్యాలక్కా అని కొత్తగా చేరిన ఎస్తేరు అడిగింది.
నిద్రపోయేవాళ్ళకిది, జబ్బు చూడ్డానికది అన్నాను.
పుస్తకంలో జవాబులా ఉంది, అంతకంటే ఏం చెప్పను?

మార్గళి చలిలో, నాలుగింటికి,
అమృతవల్లి నాడి అందలేదు.
కుడి జేబు. కంటిపాపలు.
అటొకసారి, ఇటొకసారి. కదల్లేదు.
డాక్టరమ్మ వచ్చింది, చూసింది, టైము రాసింది.
మెట్లమీద కూతురి చెప్పుల చప్పుడు.
పెద్ద లైటు వెయ్యబోయిన ఎస్తేరు చెయ్యి పట్టుకుని
ఎడమ జేబులోది తీశాను.

ఆ పిల్ల చాలాసేపు చూసుకుంది.
"అమ్మ రంగు మారలేదు కదా" అంది.
లేదన్నాను.

ఆ పొద్దున ఇంటికొస్తే మెట్లమీద కరెంటు లేదు.
చేతికేది తగిలితే అది తీశాను.
తాళం రంధ్రానికి ఏ పట్టింపూ లేదు.