గుప్పిట బేరం

శనివారం పొద్దున పదింటికి
కోర్టు మెట్ల పక్క బెంచీ మీద
ఓర్వల్ స్టిడమ్, వెర్లిన్ నేపియర్.
ఎదురుగా మా హార్డ్‌వేర్ కొట్టు.
మేకులు తూస్తూనే నాకు అన్నీ కనిపిస్తాయి.
కెంటకీ కొండల్లో ఈ ఊళ్ళో
అంతకంటే చూడాల్సింది లేదు కూడా.

ఇద్దరి ఒళ్ళోనూ దేవదారు చెక్కముక్క.
ఏ బొమ్మా చెయ్యరు.
చెక్కుతారు, అంతే.
మధ్యాహ్నానికి బెంచీ కింద
ఎర్రటి పొట్టు, చీలమండల దాకా.

ఓర్వల్‌ది మూడలుగుల చాకు.
పొడుగుది పొగాకు కాడలకి,
మొద్దుముక్కుది కోడెదూడలకి, దాని సంగతి అడక్కండి,
మూడోది ఆపిల్‌కీ, గోళ్ళకీ,
ఒకసారి జడ్జిగారి సొరుగు తాళానికీ.
కొమ్ము పిడి అరిగి అరిగి సబ్బుబిళ్ళయింది.
కుడిజేబు గుడ్డ మీద దాని ఆకారం తెల్లగా అచ్చుపడింది,
ప్యాంటు మారినా ఆ మచ్చ మారదు.

వెర్లిన్ దాచుకునే మనిషి.
చుట్టల పెట్టెల్లో, నూనె కాగితాల్లో
నూటపదకొండు.
ఒక్కోదాని పుట్టిన ఏడూ, కంపెనీ ముద్రా కంఠతా.
ఒకసారి నా చెవి దగ్గర పెట్టి ఒకటి తెరిచాడు.
టక్.
సగంలో ఆగి, మళ్ళీ టక్.
"విన్నావా లోరీన్, ఇది మాట్లాడుతుంది."
తాళం లేదు, గొళ్ళెం లేదు,
వీపులో ఒక స్ప్రింగు.
దాని బిగువే దాని గొంతు.

వాళ్ళకో ఆట ఉంది, నిక్కర్ల నాటి నుంచీ.
చెరో చాకు గుప్పిట్లో మూసి చాస్తారు.
చూడకూడదు, అడగకూడదు.
మార్చుకున్నాక గుప్పిట విప్పితే
బంగారమైనా, తుప్పైనా, నోరెత్తకూడదు.
విరిగిన అలుగుకి కొత్త చాకు పోగొట్టుకున్న వెర్లిన్
అరవై ఏళ్ళుగా నోరెత్తుతూనే ఉన్నాడు.

ఈ చలికాలం ఓర్వల్ బొటనవేలు మొండికేసింది.
గోటిగాడిలో గోరు పెడతాడు, జారుతుంది.
మళ్ళీ పెడతాడు.
గోరు చీలింది.
చెక్కముక్క అలాగే ఒళ్ళో ఉంచుకుని
వీధిలో కార్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు.
వెర్లిన్ చూడనట్టే చెక్కుతున్నాడు.
తెరిచి ఇవ్వొచ్చు.
ఇవ్వలేదు.
అలాంటి మనిషికి చాకు తెరిచి ఇవ్వడమంటే
ముద్ద కలిపి నోట్లో పెట్టడమే.
పోనీ తేలిగ్గా తెరుచుకునేదొకటి బహుమానం ఇద్దామంటే,
కత్తి ఊరకే ఇస్తే స్నేహం తెగుతుందని
మా వైపు గట్టి నమ్మకం.

సోమవారం కొట్టుకొచ్చాడు.
సన్న ఆకురాయి ఒకటి, చిన్న సీసా నూనె.
"తలుపు బందులకా?" అన్నాను.
"ఆఁ, తలుపే."

ఆ వారమంతా ట్రక్కులో కూర్చుని
తెరిచాడు, మూశాడు,
తెరిచాడు, మూశాడు,
ఊపిరికి అద్దాలు తెల్లబడేదాకా.
గురువారం ఉండబట్టలేక వెళ్ళి తొంగిచూశాను.
పసుపుపచ్చ ఎముక పిడి, ఒంటి అలుగు.
పై పెట్టెలో పై వరుసది.
ఆపిల్ తడి కూడా ఎరగనిది.
లెక్సింగ్టన్ నుంచి వచ్చినాయన నా ఎదుటే
తొమ్మిదివందల డాలర్లు ఇస్తానంటే
నవ్వి జేబులో పెట్టేసుకున్నది.
దాని గాడిని ఆకురాయితో
లోతుగా, వెడల్పుగా, కాస్త వంకరగా అరగదీశాడు.
సంతలో ఇప్పుడు ఇరవై రావు.
మాట్లాడే చాకు గొణుగుతోంది.

శనివారం. రెండు గుప్పిళ్ళు.
ఓర్వల్‌ది వణుకుతోంది, చలికే అనుకుందాం.
"సరేనా?"
"సరే."

ఓర్వల్ విప్పి చూశాడు.
రెండు వేళ్ళతో పట్టి లాగాడు.
వచ్చింది.
ఆ గాడి మీద బొటనవేలు పెట్టి
చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు.
"స్ప్రింగు చచ్చింది దీనిది" అన్నాడు చివరికి,
"నన్ను ముంచావురా."
"బేరం బేరమే" అన్నాడు వెర్లిన్,
బిగుసుకున్న ఆ మూడలుగుల చాకుని
తన కుడిజేబులో వేసుకుంటూ.

ఎవరి సంచిలోనో నేను
ఓ పౌను మేకులు ఎక్కువ పోసేశాను.

సాయంత్రం ఊడ్చేవాడు సణుగుతున్నాడు,
బెంచీకి ఒక చివరైతే సరే,
మళ్ళీ రెండు చివర్లా పొట్టేనట.