తగిన సమయంలో

తలకిందులుగా చదవడం నా వృత్తి.
బెజవాడ గవర్నరుపేటలో, కాలవగట్టు వారన
నరహరిగారి అచ్చాఫీసు.
ఆయన మొదటిసారి అక్కడే
నా స్టిక్కులో తలకిందులుగా నిలబడ్డాడు:
లార్డ్ స్ట్రాడ్‌విక్.

తిక్క పేరు.
సకారం కింద టావత్తు, దాన్ని చుట్టుకుని క్రావడి.
మా కేసులో టావత్తులు మూడే.
ఒక పేజీలో ఆయన నాలుగుసార్లు మాట్లాడితే
నాలుగోసారి ‘ప్రభువువారు’ అని కూర్చేవాణ్ణి.
“ఎందుకోయ్ అంత మర్యాద?” అన్నారు నరహరిగారు.
మర్యాద కాదండీ, సీసం చాల్లేదు.

తాతలు ఏదో యుద్ధంలో గెల్చిన పొలాలట,
ఏలూరు కాలవ పొడుగునా పరిచినా మిగుల్తాయట.
ముప్ఫయ్యో ఏట ప్రభువుల సభలో కుర్చీ,
నలభై నిండకుండా మంత్రి.
ప్రూఫులు మోసే సైదులు అడిగాడు,
“ఆ కుర్చీకి ఓట్లెవరేశారు?”
“ఎవరూ వెయ్యలా. వాళ్ల నాన్న చచ్చిపోయాడు.”

శిస్తు తగ్గించమంటే, ఉప్పు మాటెత్తితే,
రాజమండ్రి జైల్లో మా వీధి కుర్రాళ్ల సంగతి అడిగితే
ఏ ఉపన్యాసమైనా చివరికొచ్చి ఆగేది అక్కడే:
‘తగిన సమయంలో’.
ప్రతిసారీ విప్పి గళ్లలో పొయ్యడం, మళ్లీ ఏరడం దండగని
ఆ రెండు మాటలూ దారంతో బిగించి కట్టి
సిగరెట్టు డబ్బాలో దాచాను.
తంతి రాగానే డబ్బా తెరిస్తే చాలు,
సగం ఉపన్యాసం సిద్ధం.

ఒకసారి వచ్చాడు కూడా.
మే నెల. కలకత్తా నించి మద్రాసు పోయే స్పెషలు,
జంక్షన్లో ఇంజను నీళ్లు తాగే తొమ్మిది నిమిషాలు.
ప్లాటుఫారం రెండుసార్లు కడిగారు.
గుంటూరు పోవాల్సిన పొగాకు బేళ్ల మీద
తడిగోనెలు కప్పారు, దొరగారికి ఆ వాసన పడదని.
చుట్టలు మాత్రం డజన్లకి డజన్లు కాలుస్తాడని
తంతిలోనే చదివాం.
మెట్ల వంతెన మీద నేనూ సైదులూ.
తెర కొంచెం జరిగింది.
తెల్లటి చొక్కా కఫు, గాజుగ్లాసు, అందులో మంచుముక్క.
మొహం మాకు దక్కలేదు.
ఆ ముక్క కరిగేలోపే
రైలు కృష్ణ వంతెన మీద మోగుతోంది.
మర్నాటి పేపర్లో నరహరిగారి వాక్యం:
‘ప్రభువువారు బెజవాడను సమగ్రముగా పరిశీలించిరి.’
నేను అక్షరం మార్చలేదు.

ఆ శీతాకాలమే అచ్చాఫీసుల మీద ఆర్డినెన్సు.
వెయ్యి రూపాయలు ధరావతు కట్టమన్నారు.
కట్టలేక నాలుగు నెలలు తలుపులు మూసుకున్నాం.
ట్రెడిలు కింద పిల్లి ఈనింది.
నేను తెనాలి పోయి శుభలేఖలు కూర్చుకున్నాను.
ఆ కాయితం మీద ఆయన సంతకం ఉందో లేదో
ఇప్పటికీ నాకు తెలీదు.
తెలుసుకుందామని కొన్నాళ్లు ఉండేది.

తర్వాత అక్కడేదో గోధుమ సుంకం తగాదా,
రాజీనామా.
మళ్లీ పిలిచారు, మళ్లీ మంత్రి,
పరాయి దేశంలో ఎవరితోనో కరచాలనం,
శాంతి వచ్చేసిందన్నాడు.
ఆర్నెల్లు తిరక్కుండా సొంత సభలోనే నవ్వారట.
మొదట పేజీ అడ్డంగా పట్టిన పేరు
రెండు కాలాలకి దిగింది,
అక్కణ్ణించి మిరప ధరల పక్కకి.

ఇవాళ పొద్దున్న తంతి:
తన ఎస్టేటులో, నిద్రలో.
నరహరిగారు కళ్లజోడు తుడుచుకుని
“రెండు లైన్లు చాలు” అన్నారు.
పైన పొగాకు వేలం,
కింద పటమటలో తప్పిపోయిన గేదె, నుదుట తెల్లమచ్చ.
మధ్యలో ఆయన.
టావత్తులు మూడూ అరిగిపోయాయి.
ఉన్నవాట్లో కాస్త నయమైనది వెతికి పెట్టాను.
ఎందుకంటే చెప్పలేను.
‘ప్రభువువారు’ అని తప్పించుకోవచ్చు గదా.

సాయంత్రం ఫారం విప్పి
ఆయన్ని ఏ గడికి ఆ గడిలో పంచేశాను.
క్రావడి ఇంకా వెచ్చగానే ఉంది,
సైదులు తీసి ఎవరి పెళ్లికో ‘శ్రీరస్తు’లో పెట్టాడు.

శనివారం, జీతాల రోజు.
నరహరిగారు మూడు రూపాయలు చేతిలో పెట్టి
గోడ క్యాలెండరు వైపు చూస్తూ
“మిగతాది తగిన సమయంలో” అన్నారు.
సైదులు నవ్వాపుకుంటూ బయటికి పరిగెత్తాడు.
నేను సిగరెట్టు డబ్బా తెరిచి చూశాను.
దారం ఇంకా గట్టిగానే ఉంది.
విప్పలేదు.
పనికొస్తుంది.