నీలం రాని వారం

సోమవారం నుంచీ కేంద్రకాలు ఎర్రగానే ఉంటున్నాయి.
నీలం తేలాల్సిన చోట
నేరేడుపండు పిసికిన మరక.
డాక్టర్ నళినీబాల గారు ట్రే వెనక్కి పంపుతూ
చీటీ మీద ఒకటే మాట రాశారు: మళ్ళీ.

హెమటాక్సిలిన్ వడగట్టాను.
పైన తేలే ఇత్తడి మెరుపు కాగితానికి అంటుకుంది.
కొత్త సీసా విప్పాను. ఐదు నిమిషాలు ఎనిమిది చేశాను.
యాసిడ్ ఆల్కహాల్లో మూడు ముంపులు ఒకటి చేశాను.
జైలీన్ పాలలా తెల్లబడితే సముద్రాన్ని తిట్టాను,
కిటికీలు మూసినా సరే
విశాఖ గాలి జాడీ మూత ఎప్పుడు తీస్తామా అని
కాచుక్కూచుంటుంది.
అన్నీ మార్చాను.
ఎరుపే.

మైనం దిమ్మలో కందిగింజంత ముక్క.
నంబరు రెండువేల నాలుగువందల పదిహేడు.
గరికిన పోలమ్మ, యాభై ఎనిమిది, పెదజాలరిపేట.
అంగిలి మీద తెల్లమచ్చ. అడ్డపొగ, ముప్పై ఏళ్ళు.
నిప్పు లోపలికి పెట్టుకుని
చేపల గంప నెత్తిన మోసిన ముప్పై ఏళ్ళు.

గురువారం ఆవిడే వచ్చింది కిటికీ దగ్గరికి.
ఖాళీ గంప, తడి చీర కుచ్చిళ్ళు.
"నా ముక్క ఏటన్నాది బాబూ?"
రంగు ఎక్కలేదమ్మా ఇంకా, అన్నాను.
"ఏ రంగు?"
చెట్టు మానులోంచి తీసిన రంగు.
నవ్వింది. చుట్ట కాలిన పళ్ళు.
"నూలు వలలకి చెక్కరసం కట్టీవోడు మా అయ్య.
ఎక్కకపోతే చెక్కని తిట్టీవోడు కాదు,
నుయ్యి మార్చీవోడు."

ఆవిడ వెళ్ళిపోయింది.
నా చెయ్యి పంపు మీదే ఉంది.

సోమవారమే కదా
రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి
ల్యాబుకి ఆర్వో నీళ్ళిచ్చారు!
అద్దంలాంటి నీళ్ళు. సున్నం లేదు, ఉప్పు లేదు,
ఏ చెరువుదీ కాని, ఏ కొండదీ కాని,
నాలిక మీద కాస్త పులుపు దాచుకున్న నీళ్ళు.

వెనక, తుడుపుగుడ్డలు ఉతికే తొట్టి దగ్గర
కార్పొరేషన్ పంపు ఇంకా కారుతోంది.
మూతి చుట్టూ తెల్లటి గార.
స్లైడ్లు దాని కింద పెట్టాను.
ఒక నిమిషం. రెండు.
ఎరుపు జంకింది. ఊదా అయింది. తర్వాత
తెల్లారుజామున బోటు వెనక నీళ్ళు రంగు మారినట్టు
నీలం.

ఇయోసిన్ కట్టి, కవర్‌స్లిప్ దించి
నలభై కటకం కింద పెట్టాను, రంగు చూడ్డానికే.
గట్టుకి ఇవతల ఉండాల్సినవి
గట్టు దాటి ఉన్నాయి.
పెద్దవి, ముదురువి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.
అంత స్పష్టంగా ఈ వారంలో ఏదీ కనబడలేదు.

చూడాల్సింది నేను కాదు. సంతకం నాది కాదు.
ట్రే పంపాను. చీటీ తిరిగి రాలేదు.

శనివారం మళ్ళీ కిటికీ.
ఈసారి గంప నిండా కానాగంతలు,
అమ్ముకోడానికి వెళ్తూ ఆగింది.
రిపోర్టు సంగతి అడగలేదు.
"ఎక్కినాదా?"

ఎక్కిందమ్మా, అన్నాను.
ఏ నుయ్యి అని అడుగుతుందేమో అనుకున్నాను.
డాక్టరమ్మ గది ఎటో చూపించమంది.
చూపించాను.
గంప మాత్రం నా బల్ల కింద పెట్టి వెళ్ళింది.