సంతలో జెరాక్స్ మిషను

ఖొన్‌కెన్ శనివారం సంతలో
వేయించిన మిడతల బండికీ, ఫోను కవర్ల బల్లకీ నడుమ
నా జెరాక్స్ మిషను పెట్టుకున్నాను.
జెనరేటరు అద్దె పూటకి మూడు వందల బాత్‌లు.
అది దగ్గినప్పుడల్లా కాగితం మీద
మనుషుల ముఖాలు సగందాకా వచ్చి ఆగిపోతాయి.

ఉత్త సంతకం చాలదట.
గుర్తింపు కార్డు నకలు కావాలి,
నకలు మీద మళ్లీ సంతకం కావాలి,
అప్పుడే ఆ మనిషి ఉన్నట్టు.
అలా పదివేలమంది ఉంటే
పార్లమెంటు మా కాగితం వైపు ఒకసారి తల తిప్పుతుంది.

అంతా ఖనిత్థా వల్ల.
బడిలో రసాయనశాస్త్రం చెప్పే మనిషి
వెనక వరండాలో, ఇరవై లీటర్ల గుండిగలో,
నిమ్మగడ్డి వేసి బీరు కాచింది.
నలుగురం తాగాం.
మూతిమీద నురగతో నవ్వుతున్న మమ్మల్ని
ఐదోవాడెవడో ఫొటో తీశాడు.

ఆ పై మంగళవారం ఎక్సైజువాళ్లొచ్చి
గుండిగని ముద్దాయిలా గోడకి నిలబెట్టి
వాళ్లూ ఒక ఫొటో తీసుకున్నారు.
లైసెన్సు కావాలంటే
కోటి బాత్‌ల మూలధనం చూపించాలన్నారు.
జీతం ఇరవై రెండు వేలు.
అక్కడే నిలబడి నోటిలెక్క వేసింది:
తిండి మానేస్తే ముప్పై ఎనిమిదేళ్లు.
విచియెన్ అనే అధికారికి నవ్వొచ్చింది,
రసీదులో ఆమె పేరు తప్పు రాశాడు.

చట్టం ఎవరి చుట్టమో
ఏ కొట్టు ఫ్రిజ్ తలుపు తీసినా తెలుస్తుంది.

మొదటి వారం పదకొండు సంతకాలు.
అందులో మూడు మా ఇంట్లోవే.

ఒక టుక్‌టుక్ అతను వచ్చాడు, చుక్క ముట్టడట.
"మా అమ్మమ్మ బంకబియ్యంతో సాతో పులియబెట్టేది.
బూట్ల చప్పుడు వినబడితే
కుండ తీసుకెళ్లి అరటితోటలో పాతేది.
ఒక కుండ ఇప్పటికీ దొరకలేదు" అని
ఆ కుండ తరఫున సంతకం పెట్టినట్టు
గట్టిగా నొక్కి పెట్టాడు. కింది కాగితం మీద కూడా పడింది.

బొప్పాయికాయ దంచే బువఫాన్ మాత్రం
రోకలి ఆపకుండానే అడిగింది:
"మా ఆయన్ని గుద్దిన లారీవాడు తాగింది
పెద్ద కంపెనీదా, ఇంట్లో కాచిందా?
నీ మిషను చెప్తుందా?"
చెప్పదు.
నేనూ చెప్పలేకపోయాను.
ఆమె సంతకం పెట్టలేదు.
వాన మొదలయ్యాక తన టార్పాలిన్ సగం లాగి
మా మీద కప్పింది,
"నీకోసం కాదు, మిషను పాడైపోతుందని" అంటూ.

పచ్చిమిర్చి ఘాటు కింద
తడిసిన వేళ్లు, వెచ్చటి కాగితాలు,
అట్టపెట్టెలో నిద్రపోతున్న ముఖాలు.

జూన్‌లో విచియెన్ దుకాణానికొచ్చాడు,
యూనిఫాం లేదు,
కూతురి మార్కుల పత్రం రెండు కాపీలు కావాలి.
బల్లమీది ఫారాల కట్ట తిరగేశాడు, పెన్ను ముట్టలేదు.
చిల్లర తీసుకుంటూ మెల్లగా
"ఇంతకీ అది ఎలా ఉండింది?" అన్నాడు.
"సీజ్ చేశారుగా, మీకే తెలియాలి" అన్నాను.
పారబోశామన్నాడు.
కాలవలో, అన్నాడు. కాస్త ఆగి,
వాసన బాగుందన్నాడు.

పదివేల ఆరువందల నలభై.
ఆరు పెట్టెలు రాత్రి రైలెక్కాయి.
నెలన్నరకి జవాబొచ్చింది:
పందొమ్మిది వందలు చెల్లవు.
సంతకం తేడా, తేదీ లేదు, ముఖం కనబడదు.

చెల్లని కట్ట ఖనిత్థా నేలమీద పరిచింది,
పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కటే పక్కన పెడుతూ
ఒక చోట ఆగింది.
నాదే.
నా మిషనులోంచే వచ్చిన నా ముఖం,
నుదురు, కళ్లు, ముక్కు సగం,
నోరు ఉండాల్సిన చోట తెల్ల కాగితం.

టోనరు కొత్తది కొన్నాను.
శనివారం బువఫాన్ బండి పక్కన
చోటు ముందే పట్టి ఉంచమని చెప్పాలి.