నలభై సెకన్లు

ఎండాకాలం సోమశిలల లాంచీ ఎక్కాలంటే
ముందుగాల నీళ్ల వెనక నడవాలె.
కృష్ణ దిగిపోయినంత మేర ఒండ్రు,
ఒండ్రు మీద మేకల గిట్టలు,
గిట్టల గుంతల్లో ఎండిన నాచు.
మైబు సామాన్ల డబ్బ నెత్తిన పెట్టుకున్నడు,
నేను మీటరు మెడకేసుకున్న.
ట్రాక్టర్ల సెల్ఫులు, బోర్ల స్టార్టర్లు చూసేటోన్ని,
కొల్లాపూర్ల నా దుకాణం ముందట
ఇంతవరకు ఒక్క పడవ ఆగలే.

"మోటరు ముసల్దైంది, కొత్తది తెప్పియ్యుండ్రి"
చూడకముందే తీర్పు చెప్పిండు సరంగు నాగశేషి.
స్విచ్చి నొక్కిండు.
ఇంజను గది మీది ఇనుప మూత
ఈనబోయే బర్రె లెక్క
మూలుక్కుంట, ఆగుకుంట లేచింది.
లెక్కవెట్టిన. నలభై సెకన్లు.
కొత్తల పన్నెండేనట.

పోయిన అమాస నాడు నడి నీళ్లల్ల బెల్టు తెగి
సందుల్లోంచి పొగొచ్చింది.
పైన ముప్పై ఒక్క మంది.
ఒకామె పసిదాన్ని లైఫ్ జాకెట్ల చుట్టి
ఎవరి దిక్కు చూడాల్నో తెల్వక మూత దిక్కే చూసిందట.
మూత మాత్రం తన తీరికల తాను లేచింది.
"ఏం కాలే" అంటడు నాగశేషి.
రెండోసారి గూడ అన్నడు, నేనేం అడగకపోయినా.

పిన్ను గుంజినం. మూతను చేతుల మీద లేపితే
అలుకగనే వచ్చింది, కబ్జాలు కిర్రుమనలే.
విడిచిన కడ్డీ గాలిలో మంచిగనే ఉరికింది.
బ్యాటరీ కాడ పన్నెండున్నర.
మోటరు మొన కాడ గూడ పన్నెండున్నర.
"కరెంటు సక్కగున్నది ఉస్తాద్, మోటరే!"
మైబు మొఖం వెలిగింది.
ఊకె కూసున్నప్పుడు అందరం పన్నెండున్నరే బిడ్డా,
బరువు పెట్టి అడుగు.

పిన్ను మళ్ల దూర్చి స్విచ్చి నొక్కమన్న.
మూత మూలిగింది.
మీటరు ముల్లు మెల్లగ వంగి
ఎనిమిది కాడ కూలబడ్డది.
నాలుగున్నర వోల్టులు
టికెట్ కొని, చెప్పకుండ
నడుమ ఎక్కడ్నో దిగిపోయినయి.

ఎర్ర తీగను అడిగినం, పావు వోల్టు గూడ తినలే.
ఎప్పుడైనా దాన్నే అనుమానిస్తం, వచ్చేదాన్ని.
తిరిగి పోయే దారి ఎవనికి పడుతది?
నల్ల తీగ వెంబడి పాకినం,
బెంచీల కింద, డీజిలు వాసనల,
చింపిన టికెట్లు, పిల్లల చెప్పు ఒకటి,
కంకుల బొండ్లు, చీమల బారు దాటి.

అక్కడున్నది.
మూరెడు తీగ వేరేది. సన్నది, మెలికలది,
ఏ పెండ్లి పందిట్లనో మైకు కట్టినది.
రెండు దిక్కుల ఉత్త ముడి,
ముడి మీద పాల కవరు, దాని మీద దారం.
విప్పితే రాగి లేదు,
చేతులకు ఆకుపచ్చ పొడి రాలింది.

"ఎవరు కట్టిండ్రో" అన్నడు మైబు.
నాగశేషి నీళ్ల దిక్కు తిరిగిండు.
శానా సేపటికి,
"ఆ రాత్రికి నడవాలె గద" అన్నడు.
నేనేమన్లే.
ఆ దారపు ముడి నాకు తెల్సిందే.
తెల్లారి మంచిగ చేద్దామని
నేను కట్టినవి ఎన్ని ఊర్లల్ల ఉన్నయో.

మందపు తీగ గుంజి, మొనలు ఒత్తి,
బోల్టు కింద తుప్పు తెల్లగ గీకి బిగిచ్చినం.
నాగశేషి స్విచ్చి నొక్కి,
అలవాటుగ బీడీ నోట్ల పెట్టుకుని
అగ్గిపుల్ల గీసిండు.
పుల్ల ఇంకా సగం కాల్లే,
మూత లేచి నిలబడ్డది,
లోపలి ఇంజను అందరికి కనవడ్డది.
బీడీ అట్లనే ఉన్నది. పుల్ల వేలు కాల్చింది.
"గింత దబ్బునా?" అన్నడు,
ఎవరో తన సొమ్ము ఎత్తుకపోయినట్టు.

పాత తీగను మైబు వేలికి చుట్టుకున్నడు,
ఇంట్ల బల్బుకు అక్కరకొస్తదట.
ఇటు తే అని గుంజుకుని జేబుల వేసుకున్న.
ఒండ్రు దాటేదాక
అది తొడకు గుచ్చుకుంటనే ఉన్నది.