మూల

వేట నిషేధం రోజులు.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు
ఒకదాని పక్కటెముకలకి ఇంకోటి ఆనుకుని ఊగుతున్నాయి.
జెట్టీ లైటు కింద నేనూ, లెక్కల పుస్తకమూ.
సప్లిమెంటరీకి పదకొండు రోజులు.

మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్,
రూట్ ఆఫ్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ...
సూత్రం గొంతులో చేపముల్లు.
మింగుడుపడదు, ఊడి రాదు.

“ఏటి గుంటా, ఎవుల్ని తిడతన్నావు?”
కండె ఆపకుండానే అడిగాడు
వల కుడుతున్న దాలయ్య చిన్నాన్న.

ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్, మొత్తం నలభై.
“ఎక్సంటే?”
తెలీదు. తెలీందానికే ఆ పేరు.
“స్క్వేరంటే?”
ఎంత పొడుగో అంతే వెడల్పు.
“అలగ సెప్పు మరి.”

చదరపు వల ముక్క ఒకటి పరిచాడు, కొలవలేదు.
ఆరు మూరల వెడల్పు పట్టీ తీసి
“ఒక్క పక్కనే కుడితే వంకరైపోద్ది” అని
నిలువునా రెండుగా కోశాడు.
మూడు కుడివైపు, మూడు కిందవైపు.
“సూడు, మూల ఖాళీ.
సేపలన్నీ ఇటే పోతాయి.”

మూడు మూరలకి మూడు మూరలు. తొమ్మిది.
ఆ అతుకు పడగానే
నలభై నలభైతొమ్మిదైంది,
వల మళ్ళీ చదరమైంది.
అంచు ఏడు. అందులో కుట్టింది మూడు తీసేస్తే
నాలుగు!
సూత్రం పుట్టినిల్లు ఇదేనా,
ఈ తారు వాసన వేళ్ళ మధ్యా?

ఇంకో జవాబుంది చిన్నాన్నా, మైనస్ పది.
పొడవు కాబట్టి కొట్టెయ్యమన్నారు సారు.
కండె అప్పుడాగింది.
“కొట్టెయ్యకు. పక్కన రాసుంచు.
మనం ముక్కలు పారేస్తామేటి?”

పరీక్షలో ఆ లెక్క రాలేదు.
ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్ ప్లస్ పదమూడు,
మొత్తం సున్నా, అని వచ్చింది.
పట్టీ కోశాను, రెండు పక్కలా కుట్టాను,
మూలన తొమ్మిది అతికాను.
చదరం అయితే అయింది గానీ
దాని వైశాల్యం మైనస్ నాలుగు.

వాస్తవ మూలాలు లేవు, అని రాశాను.
రెండు మార్కులకి అది చాలు.

చిన్నాన్నని అడుగుదామని పరుగెత్తేసరికి
నిషేధం ఎత్తేశారు.
జెట్టీ మీద నైలాన్ దారం తుంపులు మాత్రం ఉన్నాయి,
డాల్ఫిన్స్ నోస్ అవతల
బోట్లు చుక్కలైపోయాయి.

వచ్చాక అడుగుతాను,
లేని నీళ్ళకి వల
ఏ మూల నుంచి మొదలెడతారని.