ఏరు అనుకున్న

సిరొంచ దవాఖాన్ల రాత్రి కిటికీ నాది.
పేరు, ఊరు, వయసు, ఏమైంది
తెలుగుల అడుగుత, మరాఠీల రాస్త.
కేస్ పేపర్ చేతికిచ్చి ఒక్కటే మాట చెప్త:
థాంబా.
ఆగుండ్రి అన్నా అదే, కూసోండ్రి అన్నా అదే,
నన్ను తినకుండ్రి అన్నా అదే.
తొమ్మిదేండ్ల సంది
కాయిదం మీద ఒక ముద్ర, మనిషి మీద ఒక ముద్ర.

ఆ రాత్రి వాన.
బామని కాడ చెట్టు విరిగి పడ్డదని
దేచలి దిక్కు జీపు ఆలిశెమొచ్చింది.
ముసలామె, ఆమె మనుమడు.
పిల్లగాని పిక్కకు తువాల కట్టు,
కట్టు కింద రెండు చుక్కలు.
పిల్లగాణ్ణి లోపటికి ఉరికిచ్చిన్రు, తలుపు పడ్డది.
ఆమె ఇవుతల.
పేరు రాసిన, మాసే పుంగాటి.
వయసు ఆమెకు తెల్వదు, నేనే అరువై ఏసిన.
థాంబా.

జరసేపటికి కిటికీ కాడికొచ్చి
ఏర్, అన్నది.
అవునమ్మా, ఏరు దాటొచ్చినవు,
నిండుగ పారుతున్నదట, విన్న.
థాంబా.

మల్లొచ్చింది.
ఏర్.
చెయ్యి నోటి దిక్కు చూపిందో, తలుపు దిక్కు చూపిందో
నేను తలెత్తలే.
మోటర్ సైకిల్ మీంచి పడ్డోళ్లు ఇద్దరొచ్చిన్రు అప్పుడే.
ఒకనికి నెత్తి పగిలింది, ఒకడు తాగున్నడు,
తాగినోనిదే పెద్ద లొల్లి.
లొల్లి చేసినోనికి ముందు జవాబు దొరుకుతది.
ఏ గోడ మీద రాయకున్నా
అందరికి తెల్సిన కానూను.

మూడోసారి ఆమె రాలే.
గోడకు ఒరిగి కూసున్నది.
కూసున్నదా, గోడే పట్టుకున్నదా.

తెల్లారంగ జీపు డ్రైవర్ పోచం
చాయ గిలాస పట్టుకొని వచ్చి
ఏందన్నా, ముసలమ్మ నీళ్లడిగితే పొయ్యలేదా, అన్నడు.
మాడియా మాటల ఏర్ అంటే నీళ్లు.

నీళ్ల డ్రమ్ము నా కుర్చీ ఎనుకనే ఉన్నది.

పిల్లగాడు బతికిండు.
రాత్రి రెండింటికే గండం తప్పిందని
లోపట అందరికి తెల్సు, నాకు గూడ తెల్సు.
తలుపుకు ఇవుతల ఆమె ఒక్కతే
పొద్దు పొడిచేదాక
ఆ ఒక్క మనుమణ్ణి ఎన్నిసార్లు పోగొట్టుకున్నదో.

ఆరు నెలలకు పెద్దసార్లొచ్చిన్రు.
రోగి అనుభవం బాగు చెయ్యాలన్నరు.
గోడకు ఆకుపచ్చ రంగు, స్టీలు బెంచీలు,
చేతులు జోడిచ్చిన నర్సు బొమ్మ.
మంచిదే. బెంచీలైతే నిజంగ మంచియే.

సిస్టర్ ఉజ్వల నాగోసే చేసిన పనికి
టెండరు లేదు, బిల్లు లేదు.
అరగంటకోసారి తలుపు తీస్తది.
మీ మనిషి ఊపిరి తీస్తున్నడు,
ఇంకేం తెల్వదు, తెల్వంగనే చెప్త, అంటది.
చెప్పేందుకేం లేకున్నా తీస్తది.
ఆ తలుపు కిర్రుమన్నప్పుడల్ల
వరండాల మెడలన్నీ ఒక్కసారే లేస్తయి.

నేను డ్రమ్ము కిటికీ ముందటికి జరిపిన.
కోత ఉన్నోళ్లకు నీళ్లియ్యకు, అన్నది సిస్టర్.
ఎందుకియ్యమో గూడ చెప్పు, అన్నది.
అది కష్టం. నీళ్లు పోసుడే అల్క.

థాంబా ఇప్పటికీ అంట.
దాని ముందటొక కారణం, ఎనుకొక టైము పెడుత.
అరగంటని చెప్పి రెండు గంటలైతే
లేచి పొయ్యి, నా లెక్క తప్పింది, అంట.
తిడుతరు. తిట్టనీ.
తిట్టెటోని గొంతు తడిగున్నది గద.

టేబుల్ అద్దం కింద ఒక కాయిదం.
పోచం చెప్పంగ రాసుకున్న మాడియా మాటలు.
నీళ్లు. నొప్పి. ఎక్కడ. ఇంటికి పోవచ్చు.
భయానికి మాట పోచంకు తెల్వదు.
వచ్చినోళ్లనే ఎవరినన్న అడగాలె.

వచ్చినోళ్ల మొఖాలు చూసి
ఇంకా అడగలే.
ఆ గడి గట్లనే ఖాళీగున్నది.